ఇరవై ఐదో దెబ్బ

ఇత్తడి గిన్నెలో తడిమన్ను పరిచి
నడిమధ్యన గాడి గీసి
పిడి తిప్పమనేది మేడమ్.
"గట్టిగా లెక్కపెట్టు మునసామీ,
మట్టికి చెవుల్లేవు, నాకుండాయి."
ఒకటి, రెండు, మూడు...
సరిగ్గా ఇరవై ఐదో దెబ్బకు గాడి మూసుకుంటే
ఎన్ని నీళ్ళకు ఆ మన్ను మనసు మార్చుకుంటాదో
తెలిసినట్టు.
ఇరవైకే మూసుకుంటే
మళ్ళా కలపాల, మళ్ళా తిప్పాల.
అన్నం పొద్దు దాటిపోయేది.

తిరపతిలో రైలుగేటు అవతల
రేకుల షెడ్డు మా ల్యాబు.
ఎండాకాలం ఓవెన్ లోపల నూట ఐదు డిగ్రీలు,
ఓవెన్ బయట మేము.

పేరు దేవసేన. కాళహస్తి పక్క కుమ్మరోళ్ళ బిడ్డ.
ఇంజనీరింగు క్లాసులో ఒక్కతే ఆడపిల్ల,
హాస్టలు లేక ఒక నర్సమ్మ వసారాలో ఉండి చదివిందంట.
మన్నును అరచేత దొర్లించి దారం చేసి
మూడు మిల్లీమీటర్ల సన్నానికి తెగతాదా లేదా చూడమని
సారు బోర్డు మీద రాస్తే
నవ్వొచ్చిందంట ఆమెకు.
"మా నాయిన నా పదో ఏటనే నేర్పినాడు,
దాన్ని పరీక్ష అంటారని మాత్రం చెప్పలేదు."

ఆ కాలంలో పునాది అంటే
మేస్త్రి మడమతో తన్ని చూసేది,
నడుం లోతు చాల్లే అనేది.
ఈమె మూడుకాళ్ళ గడ నిలబెట్టి
గుండు ఎత్తి ఎత్తి వదిలిపించి
అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలో రాసుకునేది.
గొట్టంలో వచ్చిన మన్నుకు రెండు పక్కలా మైనం పోసి
జీపులో నా ఒళ్ళో పెట్టేది.
"కుదుపు తగలనీకు, పచ్చిబాలింత అనుకో."
రేణిగుంట దావలో ప్రతి గుంతకూ
నేను సీట్లోంచి లేచి నిలబడినాను.

స్వర్ణముఖి పక్కన, పాత మడుగు పూడ్చిన చోట
మూడంతస్తుల ఆఫీసు కడతామన్నారు.
దెబ్బలు నాలుగే.
"నాలుగుకు ముందర ఒక గీత పెట్టండమ్మా,
పద్నాలుగు అవుతాది, అంతే కదా"
అన్నాడు కాంట్రాక్టరు, కాఫీ చెప్పిస్తా.
ఆమె పెన్ను మూత పెట్టింది.
నెల తిరక్కుండా చిత్తూరు స్టోర్సుకు బదిలీ,
సిమెంటు మూటలు లెక్కపెట్టే పని.
అక్కడా మూటల కింద నేల ఎంత అణిగిందో
స్కేలు పెట్టి చూసేదని వాచ్‌మన్ చెప్పినాడు.

బిల్డింగు పడిపోలేదు.
పడుంటే కత అయ్యేది.
ఊరికే దిగింది.
మొదటి ఏడు తలుపులు పట్టేసినాయి,
వడ్రంగి వచ్చి చిత్రిక పట్టినాడు.
రెండో ఏడు మళ్ళా వాడే వచ్చినాడు.
కిటికీ మూలల్లో మెట్లు మెట్లుగా చీలిక,
దాని మీద క్యాలెండరు తగిలించినారు.

తిరిగొచ్చినాక ఎవుర్నీ ఒక మాట అనలేదు.
గోడకు ఇత్తడి బిళ్ళ ఒకటి పొదిగించింది.
కొండ పాదాన బండ మీద ఇంకో గుర్తు,
అది కదలదు కదా.
ఏటా మార్చిలో లెవెలు పెట్టి చదివేది,
కొలకర్ర పట్టుకునేది నేను.
యాభై మూడు మిల్లీమీటర్లు. డెబ్బై ఒకటి. ఎనభై.
ఎనభై నాలుగున్నర.
గ్రాఫు కాగితం చాలక ఇంకోటి అతికించింది.
ఆ వంపు గీతను ఢిల్లీ మీటింగులో గోడకు తగిలిస్తే
ఒక ముసలాయన దగ్గరికొచ్చి కండ్లద్దాలు తీసి
ఇన్నేండ్లు ఎవురు కొలిచినారని అడిగినాడంట.
"నేనూ, మునసామీ" అనిందంట.
నేను గూడూరు దాటి పోలేదు.
నా పేరు పోయొచ్చింది.

పోయిన ఆషాఢంలో పోయింది మేడమ్.
మార్చి వచ్చింది.
ఆఫీసుకు కొత్త రంగేసినారు, బిళ్ళ మీద కూడా.
గోటితో గీకినాను.
నాకు అంకెలు ఆనవు, మనవడు లెవెల్లో కన్ను పెట్టినాడు.
"ఇంకా దిగతానే ఉండాది తాతా,
ఈసారి వెంట్రుక మందం."
రాసుకో, అన్నాను.
ఉన్నదే రాయి,
ముందర ఏ గీతా పెట్టొద్దు.